500 కేజీల పాఠం: లోటస్ సెవెన్ నుంచి మియాటా దాకా, మధ్యలో నేను పాడుచేసిన ఒక బ్రేక్ పెడల్



స్పోర్ట్స్ కారు అనగానే మనకి కళ్ళ ముందు మెదిలేది ఫెరారీ, లాంబోర్గిని. వందల కొద్దీ హార్స్‌పవర్, కోట్లలో రేటు. రీల్‌లో ఒకసారి చూసి, "మనకెందుకులే గురూ" అనుకుని పైకి తోసేస్తాం. ఈ రోజు ఎపిసోడ్ ఆ కార్ల గురించి కాదు. మన పాత మారుతి 800 గుర్తుంది కదా, దానికి ఉన్నంత పవర్‌తోనే రేస్ ట్రాక్ ఎక్కిన ఒక కారు ఉంది. ఆ కారు నుంచి మొదలుపెట్టి, మామూలు జీతగాళ్ళ కోసం తయారైన స్పోర్ట్స్ కార్ల చరిత్ర చెప్తాను. అరవై డెబ్భై ఏళ్ళ కథ. మొత్తం ఒకే ఒక్క ప్రశ్న చుట్టూ తిరుగుతుంది: కారులోంచి ఏం తీసెయ్యొచ్చు, ఏం తీసెయ్యకూడదు?

ఈ ప్రశ్న నాకెందుకంత ముఖ్యమో ముందు చెప్పాలి. నేను సాఫ్ట్‌వేర్‌లో పనిచేసి వచ్చానని మీకు తెలుసు. బీటెక్ మాత్రం మెకానికల్. మూడో ఏడాదిలో మేం ఓ పాతికమంది కలిసి స్టూడెంట్ ఫార్ములా పోటీ కోసం చిన్న రేస్ కారు తయారుచేశాం. అనుకున్న బరువు 220 కేజీలు. వే-బ్రిడ్జ్ మీద పెడితే 290 చూపించింది. ఎక్కడికక్కడ "ఉంటే మంచిదే కదా" అని ఒక పైపు, "ఎందుకైనా మంచిది" అని ఇంకో ప్లేటు వెల్డింగ్ చేసుకుంటూ పోయాం మరి. ఇంకో వారంలో బయల్దేరాలి. అందరం డ్రిల్లింగ్ మెషీన్ పట్టుకుని కనపడిన ప్రతి ప్లేటుకీ చిల్లులు పెట్టడం మొదలుపెట్టాం. బ్రేకుల పని నాది. పెడల్‌ని పట్టుకుని ఉండే బ్రాకెట్‌కి నాలుగు చిల్లులు నేనే వేశాను. లెక్క వెయ్యలేదు. చూడ్డానికి బాగుందనిపించింది, అంతే.

మర్నాడు కాలేజీ గ్రౌండ్‌లో టెస్టింగ్. డ్రైవర్ మా రూమ్మేటే. మూడో రౌండ్‌లో బ్రేక్ గట్టిగా తొక్కాడు, బ్రాకెట్ వంగిపోయింది. కారు వెళ్ళి కాంపౌండ్ గోడకి తగిలింది. పరిగెత్తుకెళ్తే వాడన్న మొదటి మాట, "మామా, పెడల్ లోపలికి పోయింది రా." ఎడమ చెయ్యి మణికట్టు దగ్గర విరిగింది. ఆ చిల్లుల వల్ల తగ్గిన బరువు ఎంతో తర్వాత తూచి చూశాను. ముప్పై గ్రాములు కూడా లేదు.

ఈ కథ పక్కన పెట్టుకోండి, చివర్లో మళ్ళీ వద్దాం.

అసలు బరువుతో గొడవేంటి?

ఇంటర్ ఫిజిక్స్ ఒక్క నిమిషం. కారుకి పవర్ పెంచితే ఏమవుతుంది? యాక్సిలరేషన్ పెరుగుతుంది. అంతవరకే. బ్రేకింగ్‌కి పవర్ సాయం చెయ్యదు, మలుపులో అసలే చెయ్యదు. బరువు తగ్గిస్తే మాత్రం అన్ని చోట్లా లాభమే. త్వరగా కదులుతుంది, త్వరగా ఆగుతుంది, మలుపులో టైర్ల మీద భారం తగ్గుతుంది.

లెక్క చూడండి. గంటకి 100 కిలోమీటర్ల స్పీడులో ఉన్న 1,400 కేజీల కారుని ఆపాలంటే బ్రేకులు దాదాపు 540 కిలోజౌళ్ళ శక్తిని వేడిగా మార్చాలి. అదే 700 కేజీల కారైతే 270 చాలు. సగానికి సగం. అంటే చిన్న బ్రేకులు సరిపోతాయి. చిన్న బ్రేకులంటే ఇంకా బరువు తగ్గినట్టు. దాన్ని మోసే సస్పెన్షన్ పల్చగా ఉండొచ్చు, టైర్లు సన్నగా ఉండొచ్చు, ఇంజిన్ చిన్నదైనా నడుస్తుంది. ఇవన్నీ డబ్బు ఆదా అయ్యే విషయాలే. తేలిక కారు చవక కారు కూడా ఎందుకవుతుందంటే ఇందుకే. ఇది రివర్స్‌లో కూడా పనిచేస్తుంది. ఒక చోట బరువు పెంచితే ఇంకో నాలుగు చోట్ల పెంచాల్సి వస్తుంది. మా కాలేజీ కారుకి జరిగింది సరిగ్గా అదే.

ఆస్టిన్ సెవెన్ అనే పాత కారు, కాలిన్ చాప్‌మన్ అనే కుర్రాడు

కథ ఇంగ్లాండ్‌లో మొదలవుతుంది. 1922లో ఆస్టిన్ కంపెనీ ఆస్టిన్ సెవెన్ అనే బుల్లి కారు తెచ్చింది. మధ్యతరగతి కుటుంబం కొనుక్కోగలిగిన కారు. మనకి మారుతి 800 ఎలాగో వాళ్ళకి అది అలాగ. రెండో ప్రపంచ యుద్ధం అయ్యేసరికి దేశమంతా పాత ఆస్టిన్ సెవెన్లు చౌకగా దొరికేవి. డబ్బుల్లేని కుర్రాళ్ళు వాటిని కొని, బాడీ పీకేసి, సొంతంగా రేస్ కార్లు కట్టుకునేవాళ్ళు.

అలాంటి కుర్రాళ్ళలో ఒకడు కాలిన్ చాప్‌మన్. 1928లో పుట్టాడు. లండన్ యూనివర్సిటీ కాలేజీలో స్ట్రక్చరల్ ఇంజినీరింగ్ చదివాడు. అంటే బ్రిడ్జి ఎలా నిలబడుతుంది, ఏ కడ్డీ మీద ఎంత బరువు పడుతుంది అనే లెక్కల మనిషి. 1948లో ఒక పాత ఆస్టిన్ సెవెన్‌ని తీసుకుని తన మొదటి కారు కట్టాడు. 1952లో లోటస్ కంపెనీ పెట్టాడు. ముందు సింపుల్ చెయ్యి, తర్వాత తేలిక చెయ్యి అనే సూత్రం ఆయన పేరు మీదే చెలామణీ అవుతుంది.

1957లో వచ్చింది లోటస్ సెవెన్. సన్న స్టీలు పైపులతో అల్లిన పంజరం లాంటి ఫ్రేము, దానికి అల్యూమినియం రేకులు. తలుపులు లేవు. పైకప్పు పేరుకి ఒక గుడ్డ. మొదట్లో వేసినది ఫోర్డ్ వాళ్ళ 1172 సీసీ ఇంజిన్, అదీ పాతకాలం సైడ్‌వాల్వ్ రకం, పవర్ సుమారు 40 హార్స్‌పవర్. బరువు 500 కేజీలకి అటూ ఇటూ. శనివారం ఆఫీసుకి వేసుకెళ్ళి, ఆదివారం అదే కారుని రేసులో నడిపి, సాయంత్రం ఇంటికి నడుపుకుంటూ రావచ్చు.

దీని రేటు తగ్గడానికి ఇంకో కారణం ఉంది. అప్పట్లో బ్రిటన్‌లో కొత్త కారు కొంటే పర్చేజ్ టాక్స్ గట్టిగా పడేది. విడిభాగాలుగా కొని ఇంట్లో బిగించుకుంటే ఆ టాక్స్ లేదు. అందుకని లోటస్ వాళ్ళు కారుని పెట్టెల్లో ఇచ్చేవాళ్ళు. మన ఐకియా బీరువా లాగన్నమాట. ఇక్కడో సరదా కథ చెప్తారు. రూల్ ప్రకారం ఆ కిట్‌తో పాటు ఎలా బిగించాలో చెప్పే కాగితం ఇవ్వకూడదు. అందుకని వీళ్ళు ఎలా విప్పాలో రాసి ఇచ్చారట, చివరి నుంచి వెనక్కి చదువుకుంటే సరిపోతుంది! రూలు పెట్టినోడు ఒకటి ఆలోచిస్తే ఇంజినీరు ఇంకోటి ఆలోచిస్తాడు.

మనక్కూడా ఇలాంటిది ఉంది. 2006 బడ్జెట్‌లో 4 మీటర్ల లోపు పొడవు, పెట్రోల్ అయితే 1200 సీసీ దాటని కార్లకి పన్ను తగ్గించారు. ఆ గీత లోపలికి రావడానికే 2012లో స్విఫ్ట్ డిజైర్ డిక్కీ కోసేసినట్టు పొట్టిగా వచ్చింది. కారు ఆకారాన్ని డిజైనర్ ఒక్కడే గీస్తాడనుకుంటాం. సగం గీసేది టాక్స్ ఆఫీసరే.

కప్పలాంటి కళ్ళున్న కారు

సెవెన్ వచ్చిన మరుసటి ఏడాది, 1958లో, ఆస్టిన్-హీలీ స్ప్రైట్ వచ్చింది. హెడ్‌లైట్లు రెండూ బానెట్ మీద కప్ప కళ్ళలా ఉబ్బి ఉంటాయి. అందుకే దాని ముద్దుపేరు ఫ్రాగ్‌ఐ. పన్నులతో కలిపి రేటు 669 పౌండ్లు. ఇంత తక్కువకి ఎలా ఇచ్చారు? కొత్తగా ఏమీ కనిపెట్టలేదు. ఇంజిన్ ఆస్టిన్ ఏ35 అనే మామూలు ఫ్యామిలీ కారుది, 948 సీసీ, 43 హార్స్‌పవర్. స్టీరింగ్ మోరిస్ మైనర్‌ది. తలుపులకి బయట హ్యాండిల్ లేదు, లోపలికి చెయ్యి పెట్టి తీసుకోవాలి. డిక్కీకి మూతే లేదు, సామాను సీట్ల వెనక నుంచి లోపలికి తోసుకోవాలి.

నవ్వొస్తుంది కానీ ఆలోచించండి. డిక్కీ మూత లేదంటే అక్కడ కోత లేదు, కోత లేదంటే బాడీ ఇంకా గట్టిగా ఉంటుంది. ఒక మూత, రెండు కీళ్ళు, ఒక తాళం డబ్బులు మిగులుతాయి. ఇది తెలివైన తీసివేత. ప్రాణానికి సంబంధం లేనిది తీశారు.

1962లో లోటస్ ఎలాన్ వచ్చింది. 1558 సీసీ ట్విన్‌క్యామ్ ఇంజిన్, ఫైబర్‌గ్లాస్ బాడీ, మధ్యలో వెన్నెముక లాంటి ఒకే ఒక్క స్టీలు ఛాసీ, బరువు 700 కేజీల లోపే. రోడ్డు మీద దీనిలా మలుపు తిరిగే కారు లేదని పేరొచ్చింది. అదే ఏడాది ఎంజీ కంపెనీ ఎంజీబీ తెచ్చింది. అది 1980 దాకా నడిచి ఐదు లక్షలకి పైగా అమ్ముడైంది. అమెరికాలో కుర్రకారు ఎగబడి కొన్నారు. చవక స్పోర్ట్స్ కారుకి అది బంగారు కాలం.

తేలికతనం తీసుకున్న ప్రాణం

ఇక్కడ కాస్త సీరియస్ అవుదాం. చాప్‌మన్ రోడ్డు కార్లతో పాటు ఫార్ములా వన్ కార్లు కూడా చేసేవాడు. అక్కడా అదే సూత్రం: ఎంత తేలికైతే అంత మంచిది. లోటస్ బోలెడు ఛాంపియన్‌షిప్‌లు గెలిచింది. అయితే లోటస్ కార్లు విరుగుతాయనే పేరు కూడా వెంటే వచ్చింది.

1969లో బార్సిలోనాలోని మోంట్‌జూయిక్‌లో స్పానిష్ గ్రాండ్‌ప్రి జరిగింది. లోటస్ కార్ల వెనక ఎత్తైన స్తంభాల మీద రెక్కలు పెట్టారు. గ్రాహమ్ హిల్ కారు రెక్క విరిగింది. కాసేపటికి అదే టీమ్‌లోని యోకెన్ రిండ్ట్ కారుకీ అదే జరిగింది. రిండ్ట్ గాయాలతో బయటపడ్డాడు. తర్వాత చాప్‌మన్‌కి ఒక ఉత్తరం రాశాడు. దాని సారాంశం ఇది: మీ కార్లు ఎంత స్పీడుగా ఉన్నాయంటే, బలహీనంగా ఉన్న చోట్ల కొన్ని పౌండ్ల బరువు పెంచినా మనం పోటీలోనే ఉంటాం.

ఒక డ్రైవర్ ఇంజినీరుకి ఇంతకంటే స్పష్టంగా ఏం చెప్పాలి?

1970లో లోటస్ 72 వచ్చింది. దాంట్లో ముందు బ్రేకులు చక్రాల దగ్గర ఉండవు, బాడీ లోపల ఉంటాయి. ఒక షాఫ్ట్ ద్వారా చక్రానికి కలుస్తాయి. చక్రం దగ్గర బరువు తగ్గితే రోడ్డు పట్టు పెరుగుతుంది, ఐడియా అద్భుతం. 1970 సెప్టెంబర్ 5న ఇటలీలో మోంజా ట్రాక్ మీద, రేసుకి ముందు రోజు, రిండ్ట్ బ్రేక్ తొక్కాడు. కారు పక్కకి లాగేసి బారియర్‌కి కొట్టుకుంది. కుడివైపు ముందు బ్రేక్ షాఫ్ట్ విరిగిందని తర్వాత విచారణలో తేలింది. ప్రాణం పోవడానికి సరిగా బిగించని బారియర్ ముఖ్య కారణమని కూడా తేల్చారు. రిండ్ట్ వయసు 28. అప్పటికే గెలిచిన పాయింట్లతో ఆ ఏడాది ప్రపంచ ఛాంపియన్ అయ్యాడు. చనిపోయాక ఫార్ములా వన్ ఛాంపియన్ అయినవాడు ఆయన ఒక్కడే.

ఇది మొదటిసారి చదివినప్పుడు నాకు మా కాలేజీ గ్రౌండ్ గుర్తొచ్చింది. పోలిక పెద్దదే, ఒప్పుకుంటాను. కానీ బ్రేక్ అనే మాట దగ్గర నా గుండె ఆగింది.

ఒక తరం అంతరించింది

1970లలో రెండు జరిగాయి. బ్రిటన్‌లో 1973లో పర్చేజ్ టాక్స్ పోయి వ్యాట్ వచ్చింది. పెట్టెల్లో కారు కొంటే మిగిలే లాభం పోయింది. చాప్‌మన్‌కి సెవెన్ మీద ఆసక్తి అప్పటికే తగ్గింది, పెద్ద కార్ల వైపు వెళ్ళాలనుకున్నాడు. అదే ఏడాది సెవెన్ హక్కులు కేటర్‌హామ్ అనే డీలర్‌కి ఇచ్చేశాడు. గ్రాహమ్ నియర్న్ అనే ఆయన నడిపేవాడు ఆ షాపుని. డీలర్ కాస్తా కార్ల కంపెనీ అయ్యాడు. ఆ సెవెన్‌ని కేటర్‌హామ్ ఈ రోజుకీ తయారు చేస్తోంది.

రెండోది అమెరికాలో వచ్చిన కొత్త సేఫ్టీ, పొల్యూషన్ రూల్స్. ఎంజీబీకి 1974లో బరువైన నల్ల రబ్బర్ బంపర్లు తగిలించారు. కొత్త రూల్స్ కోసం కారుని పైకి లేపారు. పొల్యూషన్ సామాను వల్ల పవర్ తగ్గింది. రూల్స్ తప్పు అనను, వాటివల్ల చాలా ప్రాణాలు నిలిచాయి. కాకపోతే పాత డిజైన్‌కి అతుకులు వేస్తే ఏమవుతుందో సాఫ్ట్‌వేర్ వాళ్ళకి నేను చెప్పక్కర్లేదు. 1980 అక్టోబర్‌లో ఎంజీ వాళ్ళ ఆబింగ్డన్ ఫ్యాక్టరీ మూతపడింది. చవక స్పోర్ట్స్ కారు పని అయిపోయిందనుకున్నారంతా.

ఒక జర్నలిస్ట్ నోటి మాట

1979. అమెరికన్ కారు జర్నలిస్ట్ బాబ్ హాల్ జపాన్‌లోని మాజ్దా కంపెనీకి వెళ్ళాడు. అక్కడ పెద్ద ఇంజినీరు కెనిచి యమమోటో. మాటల్లో యమమోటో అడిగాడు, మేం తర్వాత ఏం కారు చెయ్యాలంటావని. హాల్ చెప్పాడు: పాత బ్రిటిష్ కార్ల లాంటి సింపుల్ స్పోర్ట్స్ కారు చెయ్యండి, ఇంజిన్ ముందు, డ్రైవ్ వెనక, టాప్ లేనిది. 1981లో హాల్ మాజ్దాలోనే ఉద్యోగంలో చేరాడు. 1984లో యమమోటో కంపెనీ ప్రెసిడెంట్ అయ్యాడు. ఇద్దరూ మర్చిపోలేదు.

1989 ఫిబ్రవరిలో చికాగో ఆటో షోలో ఆ కారు బయటికొచ్చింది. పేరు ఎంఎక్స్-5, అమెరికాలో మియాటా. 1.6 లీటర్ ఇంజిన్, 116 హార్స్‌పవర్, బరువు వెయ్యి కేజీల లోపు, అమెరికాలో రేటు 13,800 డాలర్లు.

నాకు ఇక్కడ నచ్చే విషయం చెప్తాను. మియాటా ఎలాన్ కంటే దాదాపు మూడొందల కేజీలు ఎక్కువ. బరువు విషయంలో చాప్‌మన్ చేతిలో మాజ్దా ఓడిపోయినట్టే కదా? ఓడలేదు. ఆ మూడొందల కేజీలు ఎక్కడ ఖర్చు పెట్టారో చూడండి. రూల్స్ తట్టుకునే స్టీలు బాడీ. అమెరికా మోడల్‌కి డ్రైవర్ ఎయిర్‌బ్యాగ్. వానలో కారని టాప్. రోజూ ఉదయాన్నే తాళం తిప్పితే స్టార్టయ్యే ఇంజిన్. గేర్‌బాక్స్‌ని వెనక డిఫరెన్షియల్‌తో గట్టిగా కలిపే ఒక అల్యూమినియం ఫ్రేము, దానివల్ల యాక్సిలరేటర్ తొక్కగానే కారు తడబడకుండా స్పందిస్తుంది. మిగతా చోట్ల గీకి గీకి తగ్గించారు. వాళ్ళు దీన్ని జింబా ఇత్తాయ్ అన్నారు. గుర్రం, గుర్రం ఎక్కినవాడు ఒక్కటైపోవడం అని అర్థం.

2000 మే నాటికి 5,31,890 కార్లు. ప్రపంచంలో ఎక్కువ అమ్ముడైన రెండు సీట్ల స్పోర్ట్స్ కారుగా గిన్నిస్ రికార్డు. 2016లో పది లక్షలు దాటింది. అన్నిటికన్నా ఆశ్చర్యం, 2015లో వచ్చిన నాలుగో తరం కారు జపాన్ 1.5 లీటర్ మోడల్ బరువు 990 కేజీలు. పాతికేళ్ళలో ప్రతి కారూ లావెక్కింది. ఇది ఎక్కలేదు.

ట్రాక్‌కి రెడీ అంటే ఏంటి?

ఆఫీసు పని మీద కొన్ని నెలలు అమెరికాలో ఉన్నప్పుడు, మా కాలేజీ సీనియర్ అన్న ఒకాయన డాలస్ దగ్గర ఆదివారం ఆటోక్రాస్‌కి తీసుకెళ్ళాడు. పెద్ద పార్కింగ్ లాట్‌లో ప్లాస్టిక్ కోన్‌లు పెట్టి, ఒక్కొక్కరే టైమ్ కొట్టాలి. అన్న దగ్గర ఇరవై ఏళ్ళ పాత మియాటా ఉంది. పక్క సీట్లో కూర్చున్నాను. స్పీడోమీటర్ గంటకి 90 కిలోమీటర్లు కూడా దాటలేదు. దిగాక కాళ్ళు వణుకుతున్నాయి. అన్న నవ్వి, "నాలుగొందల హార్స్‌పవర్ కారు ఇక్కడ పనికిరాదు తమ్ముడూ" అన్నాడు.

ఆ పాత మియాటాలతోనే అమెరికాలో స్పెక్ మియాటా అనే రేస్ క్లాసు నడుస్తుంది. అందరివీ దాదాపు ఒకే రకం కార్లు, ఒకే సస్పెన్షన్, ఒకే టైర్లు. డబ్బున్నోడు పెద్ద ఇంజిన్ కొనడానికి లేదు, నడపడం రావాలి. కేటర్‌హామ్ వాళ్ళకి బ్రిటన్‌లో అకాడమీ అని ఉంది. ఇంతకు ముందు రేసు చెయ్యనివాళ్ళకే. రోడ్డు మీద తిరిగే సెవెన్‌తోనే రేసు.

మరి రోడ్డు కారుని ట్రాక్ కారు చెయ్యాలంటే ముందు ఏం మారుస్తారు? చాలామంది ఇంజిన్ అనుకుంటారు. కాదు, ముందు బ్రేకులు. రోడ్డు మీద ఒకసారి గట్టిగా బ్రేక్ వేస్తాం, అవి చల్లారతాయి. ట్రాక్‌లో ప్రతి అర నిమిషానికీ వెయ్యాలి. ఆ వేడికి బ్రేక్ ఆయిల్ మరుగుతుంది, ఆవిరి బుడగలొస్తాయి, పెడల్ తొక్కితే మెత్తగా కిందికి పోతుంది. అందుకని వేడి తట్టుకునే ఆయిల్, ప్యాడ్లు వేస్తారు. తర్వాత మనిషిని పట్టుకునే సీటు, ఐదారు పట్టీల బెల్టు. ఆ తర్వాత కారు బోల్తా పడినా నలగకుండా స్టీలు పైపుల రోల్ కేజ్. మంటలార్పే సిలిండర్, కరెంటు కట్ చేసే స్విచ్. ఇంజిన్ వంతు ఎప్పుడో ఆఖర్న.

గమనించారా? కార్పెట్లు, వెనక అద్దాలు, ఏసీ, స్పీకర్లు పీకేసి బరువు తగ్గిస్తారు. అలా మిగిల్చిన కేజీల్లో కొన్నిటిని తీసుకెళ్ళి కావాలనే రోల్ కేజ్ మీద ఖర్చు పెడతారు. రిండ్ట్ ఉత్తరంలో అడిగింది ఇదే.

ఒక్క మాట. ఈ వీడియో చూసి మీ కారుకి రోల్ కేజ్ వేసుకుని రోడ్డు మీద తిరగొద్దు. హెల్మెట్ లేకుండా ఆ పైపు పక్కన తల ఉంటే చిన్న గుద్దుకే పగులుతుంది. ఓఆర్ఆర్ రేస్ ట్రాక్ కాదు, దయచేసి.

లోటస్ కూడా పాఠం నేర్చుకుంది. 1996లో ఎలీస్ తెచ్చింది. అల్యూమినియం ముక్కల్ని జిగురుతో అతికించి చేసిన ఛాసీ, దాని బరువు 68 కేజీలే. నేను చదివినప్పుడు నమ్మలేదు, జిగురేంటి అని! వెల్డింగ్ వేడికి అల్యూమినియం బలం తగ్గుతుంది, జిగురైతే తగ్గదు, అందుకే పల్చటి ముక్కలతో గట్టి ఛాసీ వచ్చింది. మొత్తం కారు 725 కేజీలు. ఇది ఏదో పీకేస్తే వచ్చిన తేలిక కాదు, లెక్కేస్తే వచ్చిన తేలిక. 2000లో దీని ట్రాక్ వెర్షన్లు రెండు వచ్చాయి. తలుపులూ కప్పూ లేని 340ఆర్, పేరుకి తగ్గట్టే 340 కార్లే చేశారు. రెండోది మూసిన పైకప్పున్న ఎక్సీజ్.

ఆ ఎలీస్ ఆధారంగానే 2008లో టెస్లా తన మొదటి కారు రోడ్‌స్టర్ చేసింది. బ్యాటరీ ఒక్కటే 450 కేజీలు. అంటే టెస్లా మోసిన బ్యాటరీ ఒక్కటీ దాదాపు ఒక లోటస్ సెవెన్ అంత బరువు! ఎలక్ట్రిక్ కాలంలో తేలిక స్పోర్ట్స్ కారుకి అసలు పరీక్ష అక్కడుంది.

మన సంగతి

మన దేశంలో ప్రయత్నం జరగలేదా? జరిగింది. 1990ల చివర్లో గోవాలో శాన్ స్టార్మ్ అని రెండు సీట్ల కారు తయారైంది. ఫైబర్‌గ్లాస్ బాడీ, రెనో 1.2 లీటర్ ఇంజిన్. ఐడియా అచ్చం స్ప్రైట్ ఐడియానే. కానీ మన మధ్యతరగతి ఇంట్లో మొదటి కారు అంటే అమ్మ, నాన్న, ఇద్దరు పిల్లలు, ఊరి నుంచి బియ్యం బస్తా. రెండు సీట్ల కారు ఎక్కడ పెడతాం? అది ఎక్కువ కాలం నిలవలేదు.

ట్రాక్ మీద మాత్రం ఆ ఆలోచన బతికే ఉంది. చెన్నై దగ్గర శ్రీపెరంబుదూరు ట్రాక్‌లో, కోయంబత్తూరు కరి స్పీడ్‌వేలో నడిచే ఫార్ములా ఎల్‌జీబీ కార్లకి ఉండేది మారుతి సుజుకి ఇంజినే. ఇంటి ముందు స్విఫ్ట్‌లో ఉండే రకం ఇంజిన్, తేలిక ఛాసీలో పెడితే రేస్ కారు. కేటర్‌హామ్ కూడా 2013లో సుజుకి 660 సీసీ ఇంజిన్‌తో సెవెన్ 160 చేసింది. 80 హార్స్‌పవర్, 490 కేజీలు. 1957లో మొదలైన చోటికే తిరిగొచ్చింది కథ.

ఇక నా కథ. మా రూమ్మేట్ చెయ్యి బాగైంది. ఇప్పుడు పుణెలో ఒక వాహనాల కంపెనీలో బ్రేకుల టెస్టింగ్‌లోనే పనిచేస్తున్నాడు. ఈ స్క్రిప్ట్ రాశాక వాడికి ఫోన్ చేసి, ఆ చిల్లులు వేసింది నేనేనని ఇన్నేళ్ళకి చెప్పాను. కాసేపు మాట్లాడలేదు. తర్వాత, "తెలుసు రా. బ్రాకెట్ నా దగ్గరే ఉంది, కొత్తగా చేరిన పిల్లలకి చూపిస్తుంటాను" అన్నాడు.

సాఫ్ట్‌వేర్‌లో ఉన్నప్పుడు కూడా నాకు ఇదే పనికొచ్చింది. అక్కర్లేని కోడ్ తీసెయ్యడం మంచి పనే. అయితే ఒక లైన్ తీసేముందు, దాని మీద ఎవరు కాలు పెట్టి నిలబడ్డారో చూసుకోవాలి. చాప్‌మన్ తేలిక చెయ్యడం నేర్పాడు. ఎక్కడ ఆపాలో రిండ్ట్ చెప్పాడు. ఆ రెండూ విని కారు చేసినవాళ్ళే పది లక్షల కార్లు అమ్మారు.

మీ ఇంట్లో మొదటి కారు ఏది, దాని బరువెంతో ఒకసారి ఆర్‌సీ తీసి చూడండి. లాడెన్ కాదు, అన్‌లాడెన్ వెయిట్ అని ఉంటుంది. ఎంతుందో కింద రాయండి. వచ్చే ఎపిసోడ్‌లో కలుద్దాం. అప్పటిదాకా బ్రేకులు చెక్ చేయించుకోండి. ఉంటా మరి.